మన పల్లెల జనాభా లెక్కలతో సంఘ సేవను ఎలా మలుచుకోవాలి: ఆదోని ప్రాంతం నుంచి ఒక మార్గదర్శి

ఒక డిసెంబరులో మా క్రైస్తవ సంఘం 150 దుప్పట్లు కొనింది. ఆదోని చుట్టుపక్కల మూడు పల్లెల్లో క్రిస్మస్‌కు ముందే పంచాలని కానుకలు పోగు చేసి, టెంపోలో వేసుకొని పోయాం. మొదటి పల్లెలో వీధికి వీధి తాళాలు. పత్తి తీతకు, ఆ తర్వాత మిరప కోతకు జనం గుంటూరు వైపు సుగ్గికి (కోతల కాలపు వలస కూలికి) పోయారు. మిగిలింది అవ్వలు, తాతలు, వాళ్ల దగ్గర వదిలిపోయిన చిన్న పిల్లలు. ఒక అవ్వ చేతిలో దుప్పటి పెడితే, "దుప్పటి ఉండాది నాయనా, ఈ పిల్లోల్లకు జరమొస్తే ఆదోనికి ఎవరు పిల్చుకపోతారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ పల్లెలో ఎన్ని ఇళ్లున్నాయో, ఎంతమంది కూలికి పోతారో, ఎంతమంది ఆడవాళ్లకు చదువు రాదో చెప్పే కాగితాలు అప్పటికే అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. మేం చూడలేదు. ఆదివారం చాపల మీద కూర్చునే వాళ్లు మన కంటికి కనిపిస్తారు. ఆ చాపల దాకా రాలేని వాళ్లను చూపించేవి లెక్కలు. మేం నేర్చుకున్న పద్ధతిని కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఏ చిన్న సంఘమైనా చేసుకోగలిగేలా ఇక్కడ రాస్తున్నాను. ఒక లాప్‌టాప్, ఎక్సెల్ తెలిసిన ఒక యవ్వనస్థుడు, నడవగల నలుగురు ఉంటే చాలు.

మెట్టు 1: ఎందుకు లెక్కిస్తున్నామో ముందు తేల్చుకోండి

పెద్దల మీటింగులో ఈ సంగతి ఎత్తగానే ఎవరో ఒకరు దావీదు జనసంఖ్య మాట తెస్తారు. రెండవ సమూయేలు 24వ అధ్యాయంలో దావీదు జనాన్ని లెక్కపెట్టించాడు, ఆ తర్వాత తెగులు వచ్చింది. ఈ అభ్యంతరాన్ని తీసిపారేయకండి, నిలబడి జవాబు చెప్పండి. దావీదు లెక్కపెట్టించింది కత్తి దూయగల మగవాళ్లను, తన బలం ఎంతో చూసుకోవడానికి. "మా సంఘంలో ఇంతమంది" అని పక్క సంఘంతో పోల్చుకునే లెక్కకు ఆ హెచ్చరిక నిజంగానే వర్తిస్తుంది. కానీ తప్పిపోయిన గొర్రె ఉపమానంలో కాపరికి తన మందలో నూరు ఉన్నాయని తెలుసు, అందుకే ఒకటి తగ్గిందని తెలిసింది. నెహెమ్యా కూడా రాత్రిపూట పోయి పడిపోయిన యెరూషలేము గోడలను చూశాకే జనాన్ని పనికి పిలిచాడు.

మీ ఉద్దేశాన్ని ఒక్క వాక్యంలో రాసి, అయ్యగారి (పాస్టరు గారి) చేత సంఘంలో చదివించండి. మేం రాసుకున్నది ఇది: "మన చుట్టూ ఉన్న పల్లెల్లో ఎవరి అవసరం ఎవరి కంటా పడటం లేదో తెలుసుకోవడానికి." తర్వాత ఏ తగువు వచ్చినా ఈ వాక్యం దగ్గరికే తిరిగి వచ్చాం.

మెట్టు 2: హద్దు గీసుకోండి

జిల్లా మొత్తం పెట్టుకోకండి. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా 40,53,463. ఈ అంకెతో ఏ సంఘమూ ఏమీ చేయలేదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నంద్యాల వేరయింది, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లా వేరయింది, కడప జిల్లా హద్దులూ మారాయి. కాబట్టి 2011 జిల్లా అంకెలను ఇప్పటి జిల్లాకు అంటించడం పొరపాటు.

బైకు మీద అరగంటలో చేరగల మూడు నుంచి ఐదు పల్లెలు తీసుకోండి. ఒక జాగ్రత్త ఉంది. జనగణనలో లెక్కకు వచ్చేది రెవెన్యూ గ్రామం. దాని కింద ఉండే మజరాలు (చిన్న శివారు పల్లెలు), తాండాలు, కొట్టాలు విడిగా కనిపించవు, పెద్ద ఊరి అంకెలో కలిసిపోతాయి. మీరు వెళ్లే తాండా పేరు జాబితాలో లేకపోతే కంగారు పడకండి, అది ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో సచివాలయంలో అడగండి. అలాంటి చోటు పేరు ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి. పెద్ద ఊరికి బడి ఉందని కాగితం చెప్పినా, రెండు కిలోమీటర్ల అవతలి తాండాకు అది లేనట్టే.

పట్టణంలో ఉంటే ఊరికి బదులు వార్డు తీసుకుంటారు. మున్సిపల్ వార్డుల హద్దులు 2011 తర్వాత మారాయి కనుక, వార్డు నంబరు ఒకటే అయినంత మాత్రాన చోటు ఒకటే అనుకోకండి.

మెట్టు 3: కాగితాలు తెచ్చుకోండి

సెన్సస్ ఇండియా వెబ్‌సైట్‌లో రెండు వెతకండి. మొదటిది ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్, అంటే ప్రాథమిక జనగణన సారాంశం. ఊరివారీగా ఎక్సెల్‌లో దొరుకుతుంది. రెండోది డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్. ఇందులో 'ఎ' భాగంలో ప్రతి ఊళ్లో బడి, ఆస్పత్రి, తాగునీరు, రోడ్డు, బస్సు ఉన్నాయో లేదో ఉంటుంది. 'బి' భాగంలో ఊరివారీ జనాభా ఉంటుంది. 2011లో రాష్ట్రం ఉమ్మడిగా ఉంది కాబట్టి 23 జిల్లాల పాత ఆంధ్రప్రదేశ్ కింద వెతకాలి. ఆ జాబితాలో కడప 551, కర్నూలు 552, అనంతపురం 553.

మెట్టు 4: అయిదు కాలమ్‌లే చదవండి

ఫైలు తెరవగానే అంకెల గుంపు చూసి టెన్షన్ పడతారు. మనకు కావలసినవి అయిదే: మొత్తం ఇళ్లు, మొత్తం జనాభా, 0–6 ఏళ్ల పిల్లలు, అక్షరాస్యులు, పనిచేసేవాళ్ల రకాలు. జనాభాకు, పిల్లలకు, అక్షరాస్యులకు, పనివాళ్లకు పక్కనే మగ, ఆడ అంకెలు విడిగా ఉంటాయి. ఎప్పుడూ ఆడవాళ్ల అంకెను వేరుగా చూడండి.

ఒక ఊరు ఉందనుకుందాం. జనాభా 3,000. అందులో 0–6 పిల్లలు 480. అక్షరాస్యులు 1,010. చాలామంది 1,010ని 3,000తో భాగించి 34 శాతం అంటారు. అది తప్పు. జనగణనలో అక్షరాస్యత ఏడేళ్లు నిండినవాళ్లకే లెక్క. కాబట్టి 3,000లో 480 తీసేసి, మిగిలిన 2,520తో భాగించాలి. అప్పుడు 40 శాతం వస్తుంది.

ఇప్పుడు ఆడవాళ్లు. మొత్తం 1,500, వాళ్లలో 0–6 ఆడపిల్లలు 235, అక్షరాస్యులు 370. భాగిస్తే 29 శాతం. ఇక్కడ ఆగకండి, శాతాన్ని మనుషులుగా మార్చండి. 1,265లో 370 పోగా 895. ఆ ఊళ్లో 895 మంది ఆడవాళ్లకు మందు సీసా మీది పేరు, బస్సు మీది బోర్డు, బ్యాంకు స్లిప్పు చదవడం రాదు. మీటింగులో '29 శాతం' అంటే తలలూపుతారు. మేం మా పల్లె అంకెను ఇలా మనుషుల్లో చెప్పినప్పుడు మా స్త్రీల సమాజం అక్కలు లేచి నిలబడ్డారు.

పోల్చుకోవడానికి జిల్లా అంకెలు పనికొస్తాయి. 2011లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. మగవాళ్లలో 70, ఆడవాళ్లలో 50కి కాస్త తక్కువ. అనంతపురంలో సుమారు 64, కడపలో సుమారు 67. మీ పల్లె ఈ సగటు కంటే ఎంత కిందుందో చూడండి. కేసీ కాలువ నీళ్లు పారే తూర్పు ఊళ్లకూ కోసిగి, కౌతాళం వైపు ఊళ్లకూ మధ్య తేడాను జిల్లా సగటు దాచేస్తుంది. అందుకే ఊరి అంకె తప్పనిసరి.

పనివాళ్ల కాలమ్‌లలో రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ, ఇతరులు అని నాలుగు రకాలు. ఏడాదిలో ఆరు నెలల కంటే తక్కువ పని దొరికినవాళ్లను మార్జినల్ వర్కర్స్ అని విడిగా చూపిస్తారు. కూలీల సంఖ్య రైతుల కంటే రెండు మూడింతలుండి, మార్జినల్ వర్కర్స్ కూడా ఎక్కువగా ఉన్న ఊరు నుంచి వలస ఉండే అవకాశం ఎక్కువ. ఇది ఊహే, ఊళ్లో అడిగి నిర్ధారించుకోవాలి.

మతం కాలమ్ గురించి చాలామంది అడుగుతారు. ఆ వివరాలు మండలం, పట్టణం స్థాయి వరకే ఇస్తారు, పల్లెవారీగా ఇవ్వరు. ఆ అంకెకూ ఆరాధనకు వచ్చేవాళ్ల సంఖ్యకూ పొంతన ఉండకపోవచ్చు. కారణాలు మన సంఘాల్లో అందరికీ తెలిసినవే. దాన్ని వెంబడించి ఏ ఇంటినీ ఇబ్బంది పెట్టకండి. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోవడానికి వాడి ఇంటి మతం తెలియాల్సిన పని లేదు.

మెట్టు 5: పాత అంకెలో ఏముంది, ఏం లేదు

2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. కాబట్టి ఊరివారీ పూర్తి లెక్క మన చేతిలో 2011దే. పాతదైనా చెత్తబుట్టలో వేయకండి, ముందుకు నడిపించి చదవండి. అప్పటి 0–6 కాలమ్‌లోని పిల్లలకు 2026 నాటికి 15 నుంచి 22 ఏళ్లు. మన ఉదాహరణ ఊళ్లో ఆ 480 మందే ఇప్పుడు ఇంటర్ చదివేవాళ్లు, చదువు ఆపి బేల్దారి పనికి పోయినవాళ్లు, పెళ్లయి బిడ్డనెత్తుకున్నవాళ్లు. పదిహేనేళ్ల కిందటి ఒక కాలమ్ ఈరోజు మీ యూత్ పరిచర్య జాబితా.

ఇంకొక సంగతి ఉంది, అది మన పడమటి పల్లెలకు ముఖ్యమైనది. 2011 జనగణనలో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. అంటే నిండు సుగ్గి కాలం. ఆ ఇరవై రోజులూ ఇంటికి రానివాళ్లను ఆ ఇంట్లో లెక్కించరు, ఎక్కడ ఉంటే అక్కడ లెక్కించాలి. చేను గట్టున గుడిసె వేసుకున్న కుటుంబం దగ్గరికి అక్కడ లెక్కలవాళ్లు చేరారో లేదో ఎవరు చెప్పగలరు? కాబట్టి వలస ఎక్కువున్న ఊరికి కాగితం మీది జనాభా నిజం కంటే తక్కువ ఉండొచ్చని మనసులో పెట్టుకోండి.

మెట్టు 6: కొత్త కాగితాలతో అతుకులు వేయండి

ఓటర్ల జాబితా పోలింగ్ కేంద్రం వారీగా తెలుగులో అందరికీ దొరుకుతుంది. అందులో వయసు ఉంటుంది. 60 దాటినవాళ్లు ఎందరో గీతలు పెట్టి లెక్కించండి. రెండు మూడు గంటల పని. సంఖ్య మాత్రమే రాసుకోండి, పేర్లు వద్దు.

బడి దగ్గర తరగతివారీ సంఖ్య అడగండి. విద్యాశాఖ యూడైస్ లెక్కల్లో కూడా బడివారీగా ఉంటుంది. ఐదో తరగతిలో ఎంతమంది, ఆరులో ఎంతమంది, ఎనిమిదిలో ఆడపిల్లలు ఎందరు, పదిలో ఎందరు? రెండు తరగతుల మధ్య హఠాత్తుగా తగ్గిన చోట పిల్లలు ఎటు పోయారో హెడ్మాస్టరు గారిని అడగండి. చాలామంది టీచర్లకు ఈ బాధ మనకంటే ఎక్కువే ఉంది. అడిగేవాళ్లు దొరికితే కుర్చీ వేసి మాట్లాడతారు.

సచివాలయంలో ఏఎన్ఎం (ఊరి నర్సు) అక్కను, అంగన్‌వాడీ టీచరమ్మను కలవండి. మొత్తం అంకెలే అడగండి. ఏ బిడ్డ బరువు తక్కువుందో, ఎవరు గర్భిణో వాళ్లు చెప్పకూడదు, మనం అడగకూడదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా పత్రం కూడా ఒకసారి చూడండి. 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో సుమారు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15–49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతానికి రక్తహీనత. ఇవి ఊరి అంకెలు కావు, ఏ ప్రశ్నలు అడగాలో చెప్పే అంకెలు. అమ్మానాన్న సుగ్గికి పోతే వయసొచ్చిన ఆడపిల్లను అవ్వ దగ్గర వదలడానికి భయపడి తొందరగా పెళ్లి చేసే ఇళ్లను మేం చూశాం. ఆ 29 శాతం వెనుక ఇలాంటి భయాలూ ఉంటాయి.

మెట్టు 7: ఊళ్లోకి నడవండి

ముందు సర్పంచును కలిసి, ఏ సంఘం నుంచి వచ్చారో, ఎందుకో దాచకుండా చెప్పండి. తర్వాత రచ్చకట్ట దగ్గర ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయించండి. ఊరివాళ్లే గీస్తారు. బోరింగు ఎక్కడ, బడి ఎక్కడ, తాళం వేసిన ఇళ్లకు ఒక చింతగింజ, అవ్వాతాతలు మాత్రమే ఉన్న ఇంటికి రెండు. గంటలో ఏ ఫైలూ చూపించని ఊరు మీ ముందుంటుంది. ఫోటో తీసుకోండి.

ఆ తర్వాత చిన్న సర్వే. ఊళ్లో 480 ఇళ్లుంటే 60 ఇళ్లు చాలు. 480ని 60తో భాగిస్తే 8. ఒకటి నుంచి ఎనిమిది వరకు చీటీలు వేసి ఒకటి తీయండి. మూడు వస్తే మూడో ఇల్లు, పదకొండో ఇల్లు, పంతొమ్మిదో ఇల్లు, అలా పోవాలి. తెలిసినవాళ్ల ఇళ్లు, మన విశ్వాసుల ఇళ్లు ఏరుకోకండి. ఫలితం ఎంత నమ్మకమో తెలియాలంటే ఒకటిని మీరు సర్వే చేసిన ఇళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. 60 ఇళ్లకు 13 శాతం అటూ ఇటూ, 100 ఇళ్లకు 10 శాతం అటూ ఇటూ. మన పనికి ఇది సరిపోతుంది.

తాళం వేసిన ఇల్లు వస్తే దాన్ని వదిలి పక్కింటికి పోకండి. మా మొదటి సర్వేలో మేం అదే చేశాం, వలస అసలు లేనట్టే ఫలితం వచ్చింది. తాళమే జవాబు. 'తాళం' అని రాసి, ఎప్పుడు పోయారు, ఎటు పోయారు, పిల్లలను తీసుకుపోయారా అని పొరుగువాళ్లను అడగండి.

ప్రశ్నలు ఏడెనిమిది మించొద్దు. ఇంట్లో ఇప్పుడు ఎందరున్నారు? బయట ఎందరు, ఏ నెలల్లో? పిల్లలు ఎవరి దగ్గర? బడికి పోతున్నారా? రాత్రిపూట జబ్బు చేస్తే ఏం చేస్తారు? పింఛను అందుతోందా? చివరగా, "మీకు ఏదైనా ఒకటి సులువు కావాలంటే ఏది కావాలి?" ఈ చివరి ప్రశ్నకు వచ్చిన మాటను వాళ్ల యాసలోనే రాయండి. కులం, మతం, ఆధార్, బ్యాంకు వివరాలు వద్దు. కాగితం మీద పేరు వద్దు, ఇంటి నంబరు బదులు మీ వరుస నంబరు వేయండి. "చెప్పను" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇద్దరిద్దరుగా, అందులో ఒకరు ఆడవాళ్లుగా పంపండి. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లుంటారు. ఆదోని, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే వీధులున్నాయి. ఆ భాష వచ్చినవాళ్లు లేకుండా పోతే మర్యాదకు ఇచ్చిన జవాబులే దొరుకుతాయి.

మెట్టు 8: తీర్మానం

ప్రతి అవసరానికి మూడు ప్రశ్నలు వేయండి. ఎంతమందికి? ఇప్పటికే ఎవరైనా చేస్తున్నారా? మన చేతిలో ఏముంది? వలస పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. అవి ఉన్న ఊళ్లో మనం ఇంకో హాస్టల్ పెట్టనక్కర లేదు. అమ్మానాన్నలు బయలుదేరక ముందే, అక్టోబరులో, ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు అందులో రాయించడం మన పని. లేని ఊళ్లో హెడ్మాస్టరు గారితో కలిసి మండల విద్యాధికారికి అర్జీ పెట్టండి. పిల్లల సంఖ్య ఉన్న అర్జీకి బరువుంటుంది.

మా సంఘంలో మారింది ముఖ్యంగా క్యాలెండరు. దుప్పట్ల డబ్బుతో నవంబరు నుంచి మార్చి వరకు ఒక ఆటోకు నెల బాడుగ మాట్లాడి, దాని నంబరు ప్రతి అవ్వ ఇంటి గోడ మీద పెద్ద అంకెలతో రాశాం. అడిగిన అవ్వకు అది మా జవాబు. సాయంత్రం ట్యూషన్ ఆ అయిదు నెలల్లోనే, అవ్వల ఇళ్ల మధ్యే. ఆడవాళ్ల చదువు తరగతి మాత్రం సుగ్గి నుంచి తిరిగొచ్చాక, ఉగాది దాటాక, రాత్రి అన్నాలు అయిన తర్వాత. ముందు వాళ్ల ఫోన్లో నంబర్లు, తర్వాత పేరు, తర్వాత బస్సు బోర్డు.

ఇవన్నీ సంఘానికి వచ్చేవాళ్లకూ రానివాళ్లకూ ఒక్కటే. ట్యూషన్‌కు వచ్చే పిల్లల్ని ఆదివారం రమ్మని షరతు పెట్టొద్దు. పెట్టిన రోజు ఊళ్లో మన మాట పోతుంది, అంతకంటే ముందు మనం రాసుకున్న వాక్యమే అబద్ధమవుతుంది.

మెట్టు 9: మళ్లీ లెక్కపెట్టండి

ఆరాధనకు ఎంతమంది పెరిగారన్నది ఈ పనికి కొలత కాదు. నవంబరులో బడిలో ఉన్న పిల్లల్లో మార్చికి ఎందరు మిగిలారు? ఆటో ఎన్నిసార్లు రాత్రిపూట కదిలింది? చదువు తరగతిలో తన పేరు తానే రాసినవాళ్లు ఎందరు? ఈ మూడు అంకెలు ఒక చార్టు మీద రాసి చర్చి గోడకు అంటించండి. తగ్గితే తగ్గినట్టే రాయండి.

తర్వాతి జనగణనకు రిఫరెన్స్ తేదీ (ఏ రోజు నాటి జనాభాగా లెక్కిస్తారో ఆ తేదీ) 2027 మార్చి 1. అంటే జనాన్ని లెక్కపెట్టే పని మళ్లీ ఫిబ్రవరిలోనే, మళ్లీ నిండు సుగ్గిలోనే. ఈసారి కులం వివరాలు కూడా అడుగుతారు. మనం చేయగలిగింది ఒకటుంది. బయలుదేరే కుటుంబాలకు, వాళ్లను తీసుకుపోయే మేస్త్రీలకు ముందుగానే చెప్పండి: చేనులో ఉన్నా సరే, లెక్కలవాళ్లు వస్తే ఇంటిల్లిపాదీ పేర్లు రాయించుకోవాలి, రాకపోతే ఆ ఊరి పంచాయతీలో అడగాలి. ఎవరు ఏ ఊరికి పోతున్నారో, వాళ్లు ఒప్పుకుంటేనే, ఒక ఫోన్ నంబరుతో సహా పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫిబ్రవరి రెండో వారంలో ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి.